గాజుపలక మీద వేలిముద్ర

జీవమ్మ పొయ్యి మీది సంగటి దించి, అత్త విశ్వాసమ్మకు ముద్ద పెట్టింది. కాలేజీకి పోవలసిన ఆమె భర్త లేవి ఇంకా బయలుదేరలేదు. డబ్బా తెరిచి ఒక గాజుపలకను భార్య ముందు పెట్టాడు.

"ఇది గూడా ఊడిపాయ. నీ నూనె చేతులు తగలకుంటే ఎట్ల ఊడుతాది?"

లేవి కర్నూలు కాలేజీ ప్రయోగశాలలో సహాయకుడు. గంటలా బోర్లించిన గాజుపాత్రలోంచి గాలి తోడేసి కరెంటు పెడితే, మిగిలిన వాయుకణాలు అయాన్లుగా మారి క్రోమియం రేకును కొడతాయి. ఆ దెబ్బకు రేగిన రేణువులు గాజు మీద పొరగా పేరుకుంటాయి. వెంట్రుకలో వెయ్యో వంతు మందం ఉండదు. సూదితో గీసినా గీత పడదు. అంత గట్టి పొర కూడా, అడుగున పిసరంత జిడ్డు ఉంటే, అంటుకాగితం అతికించి లాగి చూసినప్పుడు దానితో పాటే లేచి వస్తుంది.

కాలేజీ నీళ్లలో ఉప్పు ఎక్కువని, పొర వేయకముందు పలకలను అతడు ఇంట్లో వాననీళ్లతో కడిగి ఆరబెట్టేవాడు. అయినా రెండుసార్లు పొర ఊడింది. మూడోసారి ఊడితే వేరే మనిషిని పెట్టుకుంటామని పైవాళ్లు చెప్పారు. నిన్న మూడోసారి ఊడింది.

మూడు వారాలుగా అతడు భార్యను పలకలున్న గదిలోకి రానివ్వలేదు. తల పెరట్లో దువ్వుకోమన్నాడు. ఈ కోడలు వచ్చాక ఇంట్లో ఏదీ నిలవలేదని, కన్న బిడ్డ కూడా నిలవలేదని విశ్వాసమ్మ పొరుగువాళ్లతో అనేది. జీవమ్మ అన్నీ వినేది. బిడ్డ మాట వచ్చినప్పుడు మాత్రం లేచి అవతలికి వెళ్లేది.

ఈ రోజు ఆమె గుడ్డలు మూట కట్టుకుంది. రాజంపేటకు, పుట్టింటికి పోతున్నానని చెప్పింది. పోయేముందు పలకను వెలుతురుకు పట్టి చూసింది. పొర ఊడినచోట బొటనవేలి ముద్ర ఉంది. దానికి అడ్డంగా, ఎప్పుడో కొడవలితో తెగిన గాటు గీత.

"నా వేలికి ఈ గాటు యాడుండాది? చూడు."

లేవి ఆమె వేలు చూశాడు. తరువాత తల్లి వైపు చూశాడు. విశ్వాసమ్మ కుడిచేతిని కొంగులో దాచుకుంది.

"నేనే నాయనా. నీ కొలువు నిలవాలని ప్రార్థన చేసి, నువ్వు కడిగి ఆరబెట్టిన పలకపలకకూ నూనె అంటించినా. చర్చిలో అయ్యగారు ప్రార్థన చేసి రోగుల నొసట నూనె రాయడంలేదా?"

"మరి దాన్ని నేను తిడతాంటే నోరెత్తలేదేం?"

ఆ కోపం తన మీదికి వస్తుందని భయపడ్డానని విశ్వాసమ్మ ఒప్పుకుంది.

లేవి మూట అందుకోబోయాడు. జీవమ్మ ఇవ్వలేదు. ముందు కాలేజీకి పోయి ఉన్నదున్నట్టు చెప్పి రమ్మంది. తప్పు తనదేనని అతడు తల వంచుకుని అన్నాడు. ఆమె పోయి అత్త ఎదుట కూర్చుంది.

"బిడ్డ పోయిన దినం నుంచి నువ్వు నన్ను ముట్టలేదు. ఆ గాజుకు చేసిన ప్రార్థన నాకు చేసింటే బాగుండు అత్తా."

విశ్వాసమ్మ లేచింది. ప్రార్థన మాటలేవీ రాలేదు. కోడలి తల మీద చేయి వేసి ఏడ్చింది. జీవమ్మ తల పక్కకు తీసుకోలేదు.