రిఫరీ గారి కళ్ళు

సోమవారం పొద్దున షాపు తెరిచి అద్దాలు తుడుస్తున్నాను. వెనకనుంచి ఓ గొంతు వినిపించింది.

"కళ్ళు ఫ్రీగా టెస్ట్ చేస్తానన్నది మీరేనా?"

తిరిగి చూసి కొయ్యబారిపోయాను. నిన్నటి ఫుట్‌బాల్ మ్యాచ్ రిఫరీ! విజిల్ లేదు గానీ, గుచ్చే చూపు మాత్రం అదే.

నిన్న మా అన్నయ్య కొట్టిన గోల్ చెల్లదంది ఈవిడే. బంతి గీత దాటడం స్టేడియమంతా చూసింది. మ్యాచ్ పోయింది. నేను కుర్చీ ఎక్కి, "మేడమ్! మా కళ్ళజోళ్ళ షాపుకి రండి, ఫ్రీగా చూస్తా!" అని గొంతు చించుకున్నాను. ఆ ఊపులో అడ్రస్ కూడా చెప్పేశాను.

"అదేదో... కోపంలో..." నసిగాను.

"కోపంలో అయినా మాట మాటే. ఎక్కడ కూర్చోను?"

అక్షరాల బోర్డుకి లైటు వేశాను. చివరి వరస దాకా గడగడా చదివేసింది. అడుగున చీమల్లాంటి అక్షరాల్లో ఉన్న, బోర్డు అచ్చేసిన ప్రెస్సు పేరూ వదల్లేదు.

"మీ కళ్ళు బావున్నాయండీ," అన్నాను. చాలా బావున్నాయి. ఆ ముక్క మింగేశాను. "మరి మా గోల్ ఎందుకివ్వలేదు?"

ఆమె రెండు కళ్ళజోడు డబ్బాలు కౌంటర్ మీద నిలబెట్టింది.

"ఇది గోల్‌కీపర్, ఇది డిఫెండర్. నేనిక్కడ. నాకు ఈ డిఫెండర్ వీపు తప్ప ఏమీ కనబడలేదు. చూడని గోల్ ఎలా ఇస్తాను?" గొంతు తగ్గింది. "ఇంటికెళ్ళి వీడియో చూశాను. బంతి దాటింది. మీకు అన్యాయమే జరిగింది."

డబ్బాలు రెండూ తీసి మళ్ళీ అరలో పెట్టాను.

"ఓ సాయం చేస్తారా? నాకు చూపు సరిగా లేదని రాసివ్వండి. రిఫరీ పని మానేస్తాను. తిట్లకి భయపడి పారిపోయిందని ఎవరూ అనరు."

పెన్ను తీశాను. అన్నయ్య నిన్నటినుంచి అన్నం ముట్టలేదు. ఒక్క వాక్యం రాస్తే కసి తీరిపోతుంది. చెయ్యాడలేదు.

"మీరు తెలిసి తప్పు చెయ్యలేదు. నన్ను మాత్రం తెలిసి తప్పు రాయమంటారా?" అని ఉన్నదున్నట్టే రాసిచ్చాను.

చీటీ లాక్కుని విసురుగా వెళ్ళిపోయింది. మూడు వారాలు తలుపు చప్పుడైతే చాలు, తల ఎత్తి చూసేవాణ్ణి.

తర్వాతి మ్యాచ్‌కి విజిల్‌తో మైదానంలోకి ఆమే వచ్చింది. మానలేదు! నా గుండె గంతులేసింది.

చివర్లో మా టీమ్ వాడొకడు అవతలివాణ్ణి కాలడ్డుపెట్టి పడేశాడు. ఆమె పెనాల్టీ ఇచ్చింది. మావాళ్ళంతా లేచి తిట్లు లంకించుకున్నారు.

"మనోడిదే తప్పు! పెనాల్టీయే!" అని అరిచాను. చుట్టూ ఉన్నవాళ్ళు నన్ను నమిలి మింగేసేలా చూశారు.

మ్యాచ్ అయ్యాక వాన పట్టుకుంది. గేటు దగ్గర చూరు కిందికి ఆమె పరుగెత్తుకొచ్చింది.

"మీవాళ్ళు తన్నలేదా?"

"ఇంట్లో అన్నయ్య ఉన్నాడుగా, ఆ ముచ్చట తీరుస్తాడు."

ఫక్కున నవ్వింది. "వచ్చే నెల కూడా మీ టీమ్ మ్యాచే ఇచ్చారు. చెయ్యనని చెప్పేశాను."

నా ప్రాణం ఉసూరుమంది. "ఎందుకని?"

"ప్రతి మ్యాచ్‌కీ ఫారం నింపాలి. ఈ టీమ్ వాళ్ళతో మీకేమైనా సంబంధం ఉందా అని అడుగుతారు. ఈసారి లేదని రాయబుద్ధి కాలేదు."

"మరేం రాశారు?"

వాన వైపు చూస్తూ చెప్పింది. "ఇంకా మాట్లాడుకోలేదు అని."

"మీరంటే నాకు చాలా ఇష్టం," గబగబా అనేశాను. "మా అమ్మని మీ ఇంటికి ఎప్పుడు తీసుకురమ్మంటారు?"

"ఆదివారం. మీ అన్నయ్యని కూడా తీసుకురండి. ఆయనకి నేనే స్వయంగా సారీ చెప్పాలి."