అయిదో ముడి

"కాస్త వెనక్కి జరగండి."

ఆ అమ్మాయి అలా అనగానే అతను బుద్ధిగా వెనక్కి జరిగాడు. "ఇంకొంచెం" అంది. ఇంకొంచెం జరిగాడు. "ఇంకాస్త" అనేసరికి మడమ పూలకుండీకి తగిలి అందులోనే కూలబడ్డాడు.

"అయ్యో, మిమ్మల్ని కాదండీ! మా తాతయ్యని!"

కెమెరా స్టాండు భుజాన వేసుకుని పక్కనే వెనక్కి నడుస్తున్న ముసలాయన, వచ్చే నవ్వుని దగ్గుగా మార్చుకున్నాడు. ప్యాంటుకి అంటిన ఆ మట్టి ఆ రోజంతా వదల్లేదు.

ఇది చాలా ఏళ్ళ కిందటి మాట. అప్పట్లో భవనాన్ని ఫోటో తీయడమంటే ఇల్లు మారినంత పని. చెక్కపెట్టె లాంటి కెమెరా. ముందు లెన్సు, వెనక గాజుపలక, రెంటికీ మధ్య మడతలు మడతలుగా సాగే నల్లటి తిత్తి. పోస్టుకార్డంత ఫిల్ము షీటు, ఒక్కో షీటుకీ ఒక్కటే ఫోటో. అందుకే ఏదైనా తెగ ఆలోచించి తీసేవాళ్ళు. ఆ తీరిక ఇప్పుడెవరికీ లేదు, ఉన్నా ఫోన్లు దాన్ని ఉండనివ్వవు.

అతను ఒక ఆర్కిటెక్టు ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. కొత్తగా కట్టిన ఆ లైబ్రరీ ముఖభాగాన్ని గీసింది తనే కాబట్టి, దగ్గరుండి ఫోటో తీయించమని ఆఫీసు యజమాని పెద్దాయన పంపాడు. తీసేది ఈ అమ్మాయని గానీ, ఆమెకి ఇంత నోరుందని గానీ పెద్దాయన చెప్పలేదు.

"కెమెరా ఇక్కడే పెట్టండి" అన్నాడు అతను మట్టి దులుపుకుంటూ. "వైడ్ లెన్సు బిగిస్తే బిల్డింగ్ మొత్తం వచ్చేస్తుంది."

"మొత్తం వస్తుంది. బిల్డింగ్‌లా మాత్రం రాదు."

"అంటే?"

"ఇంత దగ్గర్నుంచి వైడ్ పెడితే మెట్లు ఏనుగంత, వెనక గోడ ఎలకంత కనిపిస్తాయి. మీరు గీసింది అలాగేనా?"

అతనికి ఉక్రోషం వచ్చింది. "మరి ఆ సంచీడు లెన్సులు ఎందుకు మోసుకొచ్చినట్టో?"

"లెన్సు సంగతి తర్వాతండీ. ముందు ఎక్కడ నిలబడాలో తేల్చుకోవాలి, టీ-స్క్వేర్ గారూ."

అతను తెల్లమొహం వేశాడు. ఆ రోజు అతని చేతిలో గీతలు గీసే టీ-స్క్వేర్ బద్ద కాదు కదా, పెన్సిలు ముక్క కూడా లేదు.

"నేను డ్రాఫ్ట్స్‌మన్నని మీకెవరు చెప్పారు?"

"మీరు నిలబడిన తీరు చూస్తే తెలియట్లా? గీత గీసినట్టున్నారు" అని మాట మార్చేసి, సంచిలోంచి ఒక అట్టముక్క తీసింది.

అట్ట మధ్యలో ఫిల్ము షీటంత కిటికీ కోసి ఉంది. దానికి ఒక దారం, దారానికి ముళ్ళు. ఒక ముడిని పంటి కింద పెట్టుకుని, దారం బిగిసేదాకా అట్టని ముందుకి జరిపి, ఒక కన్ను మూసి ఆ కిటికీలోంచి భవనాన్ని చూసింది. ఆమె మౌనంగా ఉండగలిగే సందర్భం అదొక్కటేనని అతనికి తర్వాత అర్థమైంది.

"మా దగ్గర నాలుగు లెన్సులు. ఒక్కో ముడి ఒక్కో లెన్సు" అంది దారం వదిలాక. "అట్ట కంటికి దగ్గరైతే వైడ్, దూరమైతే లాంగ్. పెట్టె విప్పకుండానే ఏ లెన్సు కావాలో తెలిసిపోతుంది. మా తాతయ్య చేశారు."

అతను ముళ్ళు లెక్కపెట్టాడు. "లెన్సులు నాలుగే అన్నారుగా. ఇక్కడ అయిదు ముళ్ళున్నాయే?"

"అదా... పొరపాటున పడింది."

"ఇంత దూరంలోనా? చెయ్యి మొత్తం చాపితే గానీ అందదు. విప్పేయొచ్చుగా?"

"విప్పితే దారం పాడవుతుంది" అని అట్టముక్క లాక్కుని సంచిలో పడేసింది.

చివరికి రోడ్డు దాటి, అవతలి గోడ దాకా వెళ్ళి, రెండువందల పది మిల్లీమీటర్ల లాంగ్ లెన్సు బిగించారు. నల్లగుడ్డ కప్పుకుని గాజుపలక మీద చూస్తే లైబ్రరీ తలకిందులుగా వేలాడుతోంది.

"ఏంటండీ, మా బిల్డింగ్‌ని తలకిందులు చేశారు!"

"ప్లాను చూసినప్పుడే అనుకున్నా, ఇలా అయితేనే బాగుంటుందని."

ముసలాయనకి మళ్ళీ దగ్గు వచ్చింది.

ఫోటో మాత్రం ఎంత బాగా వచ్చిందంటే, పెద్దాయన దాన్ని తన టేబుల్ ఎదురుగా పెట్టించుకున్నాడు. అతని గీతలు అతనికే కొత్తగా కనిపించాయి. గోడలు నిటారుగా, కిటికీలు దేనికది సరైన కొలతలో, మెట్లు మెట్లలాగే ఉన్నాయి. ఇంకో సంగతి కూడా తెలిసింది. ఆమె స్టూడియో అతని ఆఫీసుకి సరిగ్గా ఎదురుగా, వీధికి అవతలి మేడ మీదే ఉంది. రెండేళ్ళుగా కిటికీ పక్కనే కూర్చుని పనిచేస్తూ ఒక్కసారైనా తల ఎత్తి చూడని మహానుభావుడు అతను.

ఆ తర్వాత మాత్రం ఎత్తిన తల దించితే ఒట్టు. కానీ ఎప్పుడు చూసినా ఆ కిటికీలో పరదా ఊగుతూ ఉండేది తప్ప మనిషి కనిపించేది కాదు. ఆమెకి తనమీద బొత్తిగా దృష్టి లేదని తేల్చుకుని, మొహం మాడ్చుకుని మళ్ళీ గీతల్లో పడేవాడు. గీతలు వంకర పోయేవి.

ఆఫీసు తరఫున ఏ ఫోటో తీయాలన్నా అతనే బయల్దేరేవాడు. తోటివాళ్ళు ఆమెకి 'వెనక్కి మేడమ్' అని పేరు పెట్టారు. "ఏం బాబూ, మేడమ్ వెనక్కి వెనక్కి అంటుంటే నువ్వు ముందుకి ముందుకి పోతున్నావేం?" అని ఆటపట్టిస్తే అతని చెవులు ఎర్రబడేవి.

లెన్సుల పాఠం చెప్పేది తాతయ్య. గోడ మీద టార్చి వేసి చూపించాడొకసారి. "ఇదిగో, లెన్సు వేసే వెలుగు ఇలా గుండ్రంగా పడుతుంది బాబూ. ఫిల్ము ఆ గుండ్రంలో ఇమిడి ఉండాలి. పొడుగాటి భవనం కోసం లెన్సుని పైకి జరిపామనుకో, గుండ్రమూ జరుగుతుంది. చిన్న గుండ్రమైతే అంచులు నల్లబడిపోతాయి. అందుకే లెన్సు కొనేటప్పుడు పదునొక్కటే చూడకూడదు. మనం కాస్త జరిగితే చోటిస్తుందా లేదా అని చూడాలి."

"మనుషుల్లో కూడా అంతేనా తాతయ్యా?" అని అడిగాడు అతను ఆమె వైపు చూడకుండా.

"నాకు లెన్సుల సంగతే తెలుసు" అన్నాడు ముసలాయన అమాయకంగా.

ఒక రోజు పని మధ్యలో హఠాత్తుగా వాన ముంచుకొచ్చింది. ఉన్నది ఒకటే గొడుగు. అది లెన్సుల సంచికి దక్కింది, నల్లగుడ్డ కెమెరాకి దక్కింది. ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. ఆమె కనురెప్పల మీంచి జారుతున్న చినుకుల్ని చూస్తూ అతను ధైర్యం కూడగట్టుకున్నాడు.

"మీకో మాట చెప్పాలి."

"చెప్పండి."

"గొడుగు... కాస్త ఎడమకి పెట్టండి. సంచి తడుస్తోంది."

ఆమె అతని వైపు ఒక్క క్షణం చూసి, గొడుగు ఎడమకి పెట్టింది. ఆ రాత్రి అతను తనని తాను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయడం మర్యాద కాదు.

అంతలోనే పిడుగులాంటి కబురు. ఆఫీసు ఊరి అవతలి చివరికి మారిపోతోంది. సోమవారం నుంచి అక్కడే. ఇన్నేళ్ళు అన్నం పెట్టిన పాత భవనానికి గుర్తుగా ఒక ఫోటో ఉండాలని పెద్దాయన పట్టుబట్టాడు. "మనవాళ్ళంతా ఎవరి కిటికీలో వాళ్ళు నిలబడాలి. ఒక్కడు తగ్గినా ఊరుకోను."

వీధి ఇరుకు. కింద నుంచి తీస్తే కెమెరా తల ఎత్తాలి, ఎత్తితే గోడలు లోపలికి వాలిపోతాయి. లెన్సుని పైకి జరుపుదామంటే అన్నిటికన్నా వైడైన తొంభై లెన్సుకి గుండ్రం చిన్నది, అంచులు నల్లబడతాయి. నూటఇరవైకి గుండ్రం పెద్దదే, కానీ భవనం మొత్తం పట్టదు. కాబట్టి స్టూడియో మేడ మీంచి తీయాలి. భవనం నడుము ఎత్తున కెమెరా ఉంటే తొంభైని జరపాల్సిన పనే ఉండదు. ఇదంతా ఆమె చెప్పకుండానే అతను చెప్పేశాడు. ఆమె మెచ్చుకోలేదు. "అయితే ఇక మీకు నేర్పాల్సిందేమీ లేదు" అంది. ఆ మాట ఎందుకో దిగులుగా వినిపించింది.

ఆదివారం సాయంత్రం కెమెరా బిగించడానికి సాయం చేద్దామని అతను ముందుగా స్టూడియోకి వెళ్ళాడు. ఫిల్ము తేవడానికి ఆమె లోపలి చీకటి గదిలోకి వెళ్ళింది. కిటికీ దగ్గర కొక్కేనికి ఆ అట్టముక్క వేలాడుతోంది. చివరిసారి కదా అని చేతిలోకి తీసుకున్నాడు.

మొదటి ముడి పంటి కింద పెట్టాడు. ఎదురుగా ఆఫీసు మొత్తం కనిపించింది. రెండో ముడికి పై మూడంతస్తులు. మూడో ముడికి రెండంతస్తులు, నాలుగో ముడికి మూడో అంతస్తు ఒక్కటే. ఇక అయిదో ముడి. మిగతావాటికన్నా అదే ఎక్కువ నలిగి, నల్లబడి ఉంది. చెయ్యి పూర్తిగా చాపాడు.

అట్ట కిటికీలో ఒక్కటంటే ఒక్క కిటికీ అతికినట్టు ఇమిడింది. దాని వెనక వాలుబల్ల, బల్ల మీద టీ-స్క్వేర్, ఖాళీ కుర్చీ.

అతని కుర్చీ.

వెనక తలుపు చప్పుడైంది. ఫిల్ము చేతిలో పట్టుకుని ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

"అంత పొడుగు లెన్సు మీ దగ్గర లేదుగా?" అన్నాడు దారం ఇంకా పంటి కిందే ఉండగా.

"లేదు."

"ఈ ముడి మొదటి రోజే ఉంది."

"ఉంది."

"అంటే... అంతకుముందు నుంచే..."

"తల ఎత్తి చూస్తేగా మీరు!" ఒక్కసారిగా విరుచుకుపడింది ఆమె. "ఎప్పుడు చూసినా ఆ బల్లా, ఆ టీ-స్క్వేరూ. తీరా తల ఎత్తడం మొదలెట్టాక నాకు సిగ్గేసి పరదా చాటుకి పోయేదాన్ని. ఆ రోజు లైబ్రరీ దగ్గర ఎదురుగా మిమ్మల్ని చూసి ఏం మాట్లాడాలో తెలీక అంత పెడసరంగా మాట్లాడాను. ఇంకా చెప్పాలా? రేపట్నుంచి ఆ కిటికీ ఎలాగూ ఖాళీయే."

కింద వీధిలోంచి పెద్దాయన కేక వినిపించింది. "అందరూ వచ్చేశారు! వాడేడీ? పైకి పరిగెత్తమను, వెలుతురు పోతోంది!"

"వెళ్ళండి" అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ. "కిటికీలో మీరు లేకపోతే ఫోటో పూర్తవదు."

అతను కదల్లేదు. "ముందు ఎక్కడ నిలబడాలో తేల్చుకోవాలన్నారుగా? తేల్చుకున్నాను. ఆఫీసు ఎక్కడికైనా పోనీ. నేను మాత్రం రోజూ సాయంత్రం ఇక్కడికే వస్తాను. జన్మంతా, నువ్వు ఒప్పుకుంటే."

నువ్వు అన్నాడని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

"నేను వేసినవి నాలుగే ముళ్ళు బాబూ" అన్నాడు తాతయ్య, ఎప్పుడు వచ్చాడో గానీ తలుపు దగ్గర్నుంచి. "ఆ అయిదోది చూసినప్పట్నుంచీ నీకోసమే ఎదురుచూస్తున్నా. ఇన్నాళ్ళూ ఎటు జరిపినా నీ అంచులు నల్లబడలేదులే. ముందు ఫోటో కానివ్వండి."

"నాలుగు సెకన్లు! ఎవరూ కదలొద్దు!" అని కిటికీలోంచి గట్టిగా అరిచి ఆమె షట్టర్ నొక్కింది. ఆ నాలుగు సెకన్లలో అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఎదురు కిటికీల్లో ఉన్న ఆఫీసంతా అది చూసింది. పాపం, ఎవరూ కదలడానికి లేదు, కేక పెట్టడానికీ లేదు.

ఆ ఫోటో ఇప్పటికీ వాళ్ళింటి ముందుగదిలో ఉంది. గోడలు నిటారుగా నిలబడి ఉంటాయి. కిటికీ కిటికీలో ఒక మనిషి, ప్రతి మొహంలో ఉగ్గబట్టుకున్న నవ్వు. మూడో అంతస్తులో ఒక్క కిటికీ మాత్రం ఖాళీ.

"ఇందులో మీరెక్కడున్నారు?" అని కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతారు.

అతను చెప్పేలోపే వంటింట్లోంచి ఆమె గొంతు వినిపిస్తుంది. "నా పక్కన!"