ఎత్తుగీతి లేని సీసం

ఆమె ఏడుస్తూ రాలేదు. వచ్చి కూర్చుని, సంచీలోంచి ఒక కాగితం తీసి డిటెక్టివ్ ముందు పెట్టింది. వాళ్ళ నాన్న తన మందుల షాపు వెనకగదిలో నిద్రమాత్రలతో పోయాడట. పక్కనే ఈ పద్యం దొరికిందట. ఆత్మహత్యేనని తేల్చేసి పోలీసులు చేతులు దులుపుకున్నారు.

"మా ఇంటికొచ్చి ఉండమని ఎన్నాళ్ళుగానో పోరుతున్నాను. రానన్నాడు. అయితే ఇక నాతో మాట్లాడకన్నాను. ఆ మర్నాడే పోయాడు," అంది. "నావల్లే పోయాడా? అదొక్కటి తేల్చండి చాలు."

ఆ గొంతులో తడి లేదు. పక్కనున్న అసిస్టెంటుని అదే భయపెట్టింది.

అది సీసపద్యం. నాలుగు పొడుగాటి పాదాలు. ఇన్నేళ్ళూ నిన్ను మోశాను, నీకోసం నిద్ర మానుకున్నాను, ఇక సెలవియ్యి అన్న ధోరణి. డిటెక్టివ్ వేళ్ళమీద గణాలు లెక్కగట్టాడు, యతులు చూశాడు. ఎక్కడా తప్పు లేదు.

"ఇంత నిక్కచ్చి మనిషి, పద్యాన్ని నడిమధ్యలో వదిలేశాడేమిటయ్యా?" అన్నాడు.

అసిస్టెంటు నోరు వెళ్ళబెట్టాడు. పాపం, అతనికి పద్యమంటే బళ్ళో తిన్న బెత్తందెబ్బలే గుర్తు.

షాపు అన్నదమ్ములిద్దరిదీ. వెళ్ళి అడిగితే తమ్ముడు మర్యాదగానే మాట్లాడాడు. రాత్రి అన్నయ్యకి టీ ఇచ్చి ఇంటికెళ్ళాననీ, పొద్దున శవాన్నీ కాగితాన్నీ మొదట చూసింది తానేననీ చెప్పాడు. వెనకగదిలో బల్లమీద, పోయిన పెద్దాయన రాసుకునే ప్యాడ్ ఉంది. కాగితాన్ని దానిమీద పరిచి చూస్తే అడుగున నాలుగు వేళ్ళంత పొట్టి, అంచు కత్తెరతో కోసినట్టు నున్నగా ఉంది. డిటెక్టివ్ ప్యాడ్ చంకలో పెట్టుకున్నాడు.

మర్నాడు అందరినీ షాపుకే పిలిచాడు. కూతురు, తమ్ముడు, పెద్దాయన పద్యాలు వినే స్నేహితుడైన తెలుగు లెక్చరరు, ఒక ఇన్‌స్పెక్టరు వచ్చారు.

"పద్యానికి పాదాలెన్నండీ?" అని తమ్ముణ్ణి అడిగాడు.

"నాలుగేగా. ఎవర్నడిగినా చెప్తారు."

లెక్చరరు తలెత్తాడు. "సీసానికి అలా కాదు. నాలుగూ అయ్యాక కింద ఎత్తుగీతి అని ఇంకో చిన్న పద్యం పడాల్సిందే. అది లేకుండా వాడు నాకు ఒక్క సీసమూ వినిపించలేదు."

"అదీ సంగతి," అన్నాడు డిటెక్టివ్. "ఆయన సెలవడిగింది ఎవర్నన్నది గీతిలోనే ఉంది. అది ఒకరికి అడ్డమొచ్చింది. ఛందస్సు తెలిసినవాళ్ళయితే దాన్ని కోసేవాళ్ళు కాదు, కోస్తే దొరికిపోతామని వాళ్ళకి తెలుసు. నాలుగు పాదాలుంటే పద్యం అయిపోయిందనుకున్న మనిషే కోశాడు. కాగితం మొదట ముట్టుకున్నది మీరు. టీ ఇచ్చిందీ మీరే."

పెద్దాయనది ఒత్తి రాసే చెయ్యి. ప్యాడ్‌లో అడుగు కాగితం మీద డిటెక్టివ్ పెన్సిల్ రుద్దితే గీతి తేలింది. మొదటి రెండు పాదాలూ పైకి చదివాడు.

"మందులమ్మెడి కొట్టుకు మంగళమ్ము
కూతురింటికి చేరెద కూర్మితోడ"

తమ్ముడు స్టూలు మీద కూలబడ్డాడు. షాపు మూసేద్దామన్నాడు అన్నయ్య, నన్ను మాటవరసకైనా అడగలేదు, నేనెక్కడికి పోవాలి అన్నాడు. గొంతు పెంచలేదు. ఇన్‌స్పెక్టరు అతన్ని లేపి బయటికి నడిపించాడు.

నీవల్ల కాదమ్మా అని డిటెక్టివ్ నెమ్మదిగా చెప్పాడు. ఆమె తలూపింది. ఆ రెండు పాదాలూ మళ్ళీ చదవమని అడిగి, కదలకుండా వింది.

"అంటే వస్తున్నాడన్నమాట," అంది. "నాన్నకనుకున్న గదినిండా పాత సామానే ఉందండీ. ఇంకా సర్దనేలేదు."