చవక ఊరు

పొద్దున్నే అత్తగారి ఒళ్ళు తుడిచి, దుప్పటి మార్చి, బకెట్టు కడిగి బోర్లించాక ఆయా వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కళ్ళజోళ్ళ దుకాణంలో పనికి టైమైపోతోందని హడావిడిగా జడ వేసుకుంటున్న కోడలితో, వచ్చేవారం నుంచి పనికి రానని మెల్లగా చెప్పింది. పెద్ద నగరంలో ఇదే పని దొరికిందట.

"ఎంతిస్తామన్నారు?" అని కోడలు అడిగింది.

"ఇక్కడికి మూడింతలక్కా. ఉండడానికి చోటు కూడా చూపిస్తారట." ఆయా తలవంచుకుంది. "పెద్దమ్మని వదిలి వెళ్ళాలంటే కాళ్ళు రావడంలేదు. కానీ నాకూ పిల్లలున్నారు కదా."

కోపం తెచ్చుకుందామన్నా కోడలికి రాలేదు. వెళ్ళిరమ్మంది.

అత్తగారు పక్షవాతం వచ్చిన కొత్తల్లో నగరంలో కూతురి ఇంట్లోనే ఉండేది. ఒకరోజు ఆ ఆడపడుచు తమ్ముడికి ఫోన్ చేసి విడమరిచి చెప్పింది. సబ్బుబిళ్ళ, మందుబిళ్ళ ఎక్కడ కొన్నా ఒకటే ధర గానీ, మనిషి సాయం మాత్రం ఊరిని బట్టి ఉంటుందట. నగరంలో అద్దెలు మండిపోతున్నాయి. ఆయా ఆ అద్దె కట్టుకోవాలి, రెండు బస్సులు మారి రావాలి, అదంతా కలిపి జీతంలో అడుగుతుంది. వ్యాయామం చేయించే అతనూ అంతే. మీ చిన్న ఊళ్ళో మూడోవంతుకే అన్నీ అయిపోతాయి కదా, అమ్మని అక్కడికి పంపుతానంది. తమ్ముడు సరేనన్నాడు. అమ్మని ఎవరూ అడగలేదు. కోడలికి మాత్రం చెప్పారు.

ఆయా వెళ్ళాక ఇంకో మనిషి కోసం ఊరంతా గాలించారు. వచ్చిన ఒకావిడ ముసలామెని లేపలేక నడుం పట్టేసి మానేసింది. ఇంకొకావిడ రెండోరోజే ముక్కు మూసుకుని వెళ్ళిపోయింది. చేతనైనవాళ్ళంతా ఎప్పుడో నగరం బస్సెక్కేశారు. భర్తకి గోదాములో షిఫ్టులు. చివరికి కోడలే సెలవు పెట్టింది. కళ్ళజోడు అద్దాన్ని ఫ్రేముకి తగ్గట్టు అరగదీసి బిగించడంలో చెయ్యి తిరిగిన మనిషి ఆమె. అయితే మాత్రం, యజమాని ఎన్నాళ్ళని ఆగుతాడు? ఆమె కుర్చీలో ఇంకో అమ్మాయిని కూర్చోబెట్టాడు.

ఆ సంగతి తెలిసిన ఆదివారమే ఆడపడుచు వచ్చింది. మంచినీళ్ళు తాగీతాగకుండానే మాట ఎత్తింది.

"కంగారుపడి జీతం పెంచకండి. ఒకళ్ళకి పెంచితే రేపు అందరూ అదే అడుగుతారు. ఈ ఊళ్ళో మనుషులే దొరకరా?"

"దొరికింది వదినా. దొరికినావిడ మీ ఊరే వెళ్ళిపోయింది."

"ఏమిటా వెటకారం?"

"వెటకారం కాదు. ఇక్కడ మనిషి చవకంటే, ఆ మనిషికి వేరే దారి లేదనే కదా. దారి దొరికినావిడ వెళ్ళిపోయింది. దారి లేనిదాన్ని నేను మిగిలాను. నాకైతే జీతం కూడా అక్కర్లేదు."

భర్త నెమ్మది అన్నట్టు చెయ్యి ఊపాడు. అత్తగారి మంచమున్న పక్కగది తలుపు తెరిచే ఉంది.

"కన్నతల్లి నాకు బరువనుకుంటున్నావా?" ఆడపడుచు గ్లాసు పక్కన పెట్టేసింది. "నేను ఉద్యోగం మానేస్తే ఇంటి వాయిదాలు ఎవరు కడతారు?"

"నేను మానేశాను వదినా."



ఆ సాయంత్రమే అత్తగారికి ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చింది. ముగ్గురూ కలిసి ఆస్పత్రికి మోసుకెళ్ళారు. మూత్రంలో చీము చేరిందని, ఒంట్లో నీరు బొత్తిగా లేదని డాక్టరు చెప్పాడు. రోజుకి ఎన్ని నీళ్ళు తాగుతోందని అడిగాడు. ఆడపడుచు చూపు కోడలి మీద పడింది. ఆ చూపులో ఉన్నది నిందేనని కోడలికి తెలుసు.

మంచం మీదినుంచి ముసలామె మొద్దుబారిన నాలుకతో మాట కూడదీసుకుంది. "కోడలు ఇస్తూనే ఉంది. నేనే తాగలేదు."

"ఎందుకమ్మా?"

"తాగితే... మార్చాలిగా. ఎన్నిసార్లని..."

ఆడపడుచు మంచం కోడు పట్టుకుని నేలమీద కూలబడిపోయింది. ఆమెను లేపడానికి తమ్ముడికి చేతులు రాలేదు.

జ్వరం తగ్గింది గానీ ఆ మాటలే చివరివయ్యాయి. తర్వాత అత్తగారి నోట మాట రాలేదు. ఆడపడుచు జీతం లేని సెలవు పెట్టి ఉండిపోయింది. తల్లిని పక్కకి తిప్పడం, నడుం కింద దుప్పటి లాగడం నేర్చుకుంది. నగరంలో ఇచ్చే జీతమే ఇక్కడా ఇద్దామని, అందులో ఎక్కువ భాగం తను కడతానని ఆమే అంది. అప్పుడు పాలకేంద్రంలో పనిచేసే ఒక గట్టిమనిషి రావడానికి ఒప్పుకుంది. దుకాణంలో కోడలి కుర్చీ మాత్రం తిరిగి దక్కలేదు. పని ఎక్కువున్నప్పుడు కబురు చేస్తానన్నాడు యజమాని.

తిరుగు ప్రయాణానికి ముందు ఆడపడుచు తల్లి నోటికి గ్లాసు అందించింది. ముసలామె రెండు గుక్కలు తాగి పెదాలు బిగించేసింది. కూతురి భుజం మీదుగా, దుప్పట్లు మడతపెడుతున్న కోడలి వైపు చూసింది. తాగనా అని అడుగుతున్నట్టుంది ఆ చూపు.

కోడలి చేతులు మడత మధ్యలో ఆగిపోయాయి. ఇన్నాళ్ళూ పల్లెత్తు మాట అనలేదని తనకి తను చెప్పుకుంటూ వచ్చింది. దుప్పటి లాగిన ప్రతిసారీ తను విడిచిన నిట్టూర్పులు ఈవిడ వింటూనే ఉందన్నమాట.

దుప్పటి వదిలేసి వచ్చి, మంచం మీద కూర్చుని గ్లాసు అందుకుంది.

"తాగండి అత్తయ్యా. ఎన్నిసార్లయినా మారుస్తాను."

అత్తగారు గ్లాసు ఖాళీ చేసేదాకా కోడలు ఏడుస్తూనే పట్టుకుంది. ఆడపడుచు లేచి, సగంలో ఆగిన దుప్పటి మడతపెట్టసాగింది.