గోడ మీది నది

ముందురోజు రాత్రి పొద్దుపోయి వచ్చి నేరుగా పడుకున్న నాగజ్యోతి, శనివారం పొద్దున దోసెల పెనం పొయ్యి మీద పెట్టి హాల్లోకొచ్చేసరికి గోడ బోసిగా ఉంది. నదీలోయ బొమ్మ ఉండాల్సిన చోట భర్త హర్షవర్ధన్ కొత్త టీవీకి పెన్సిల్‌తో గుర్తులు పెడుతున్నాడు.

"ఇక్కడి బొమ్మేదండీ?"

"నిన్న పాత బట్టలతో పాటు ఛారిటీ షాపులో ఇచ్చేశా. హాలంతా డల్‌గా ఉంది దాంతో."

"అది నేను గీసిందండీ."

హర్ష నవ్వబోయి ఆగాడు. "నువ్వా? ఎప్పుడు?"

ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ వచ్చిన కొత్తలో ఉద్యోగం దొరక్క, పలకరించే మనిషి లేక, వెచ్చగా ఉంటుందని జ్యోతి మ్యూజియంలో కూర్చునేది. అక్కడో పాతకాలపు చిత్రం. కొండల నడుమ మెలికలు తిరిగే నది, పొగమంచు, మబ్బుల్లోంచి జారిన ఎండ, గట్టున నాలుగు ఆవులు. చూస్తుంటే మనసు కుదుటపడేది. లైబ్రరీలో పెయింటింగ్ క్లాసులో చేరి, చలికాలమంతా దాన్ని చూసి గీసుకుంది.

"నాతో చెప్పొచ్చుగా!"

"క్లాసుకెళ్తున్నానంటే ఫోన్లోంచి తలెత్తారా? గోడకి తగిలిస్తే మీరే అడుగుతారనుకున్నా. ఆర్నెల్లు దానెదురుగానే అన్నం తిన్నారు. ఎక్కడిదని ఒక్కసారైనా అడిగారా?"

"కొన్నావనుకున్నా! రోజంతా ఆఫీసులో చచ్చి వస్తున్నా. గోడలు చూసే తీరికెక్కడిది?"

"నేనూ ఆ గోడలాగే అయిపోయా మీకు."

హర్ష పెన్సిల్ పక్కన పెట్టాడు. వెళ్లి పొయ్యి కట్టేసి, కారు తాళాలు తీసుకున్నాడు. "పద."

జనం ఇచ్చిన పాత సామాన్లు అమ్మే ఆ షాపులో ఒక ఇంగ్లీషు ముసలావిడ అప్పుడే ఆ బొమ్మ కొని చంకన పెట్టుకుంటోంది. పొరపాటున ఇచ్చేశానని, తిరిగి ఇవ్వమని హర్ష బతిమాలాడు. ఆవిడ మొహం చిన్నబోయింది.

"మంచం ఎదురుగా పెట్టుకుందామనుకున్నాను. ఈ మోకాళ్లతో ఇక కొండలెక్కలేను కదా." బొమ్మ మూల వేలు పెట్టి అడిగింది. "ఈ గీతలేమిటి?"

హర్ష వంగి చూశాడు. గడ్డి రంగులో కలిసిపోయిన చిన్న తెలుగు అక్షరాలు.

"జ్యోతి," అని చదివాడు. "నా భార్య పేరు. ఈమే గీసింది."

ఆవిడ జ్యోతిని తేరిపార చూసి, బొమ్మ అందించబోయింది. "అయితే నీదేనమ్మా, తీసుకో."

జ్యోతి చేయి ముందుకు వెళ్లి ఆగింది. "ఉంచుకోండి. మీరు రోజూ చూస్తారు."

కారెక్కాక హర్ష తాళం తిప్పకుండా ఆమె వైపు తిరిగాడు. "తప్పు నాదే జ్యోతీ," అన్నాడు. కొత్తగా పరిచయమైన మనిషిని అడిగినట్టు మెల్లగా అడిగాడు. "ఆ నది ఎక్కడి నుంచి వస్తుంది అందులో?"

జ్యోతి చున్నీతో కళ్లు తుడుచుకుంది.

"కుడివైపు కొండ వెనక నుంచండీ," అంటూ చెప్పడం మొదలుపెట్టింది.