రెండుగా కనిపించే తమ్ముడు

"పరిగెత్తక్కా! రోరీ వెనకే ఉన్నాడు!"

తమ్ముడు ఫ్రేజర్ ఆమె చెయ్యి పట్టి లాగుతున్నాడు. కర్స్టీ వలల కుప్ప తట్టుకుని బోర్లా పడబోయి నిలదొక్కుకుంటుంది.

పీటర్‌హెడ్ చేపల రేవు. డిసెంబరు. సాయంత్రానికే కారుచీకటి.

ఎదురుగా రెండు దీపాలు... కాదు, ఒక్కటే!

హెరాయిన్ మానేసినప్పటి నుంచి ఇదే ఖర్మ. కళ్ళు ముక్కువైపు తిరిగిపోయి ప్రతిదీ రెండుగా కనిపిస్తోంది. ఒక కన్ను మూసుకుంటేనే లోకం ఒక్కటవుతుంది.

అక్కాతమ్ముళ్ళు కలిసే మానేశారు. ఒకే గది. వాంతులకి ఒకే బకెట్.

ఆమె కోటు జేబులో, హెరాయిన్ అమ్మే రోరీ దగ్గర కొట్టేసిన పిస్టల్ ఊగుతోంది. దాంతోనే వాడు ఆమె మొగుడు కేలమ్‌ని కాల్చి చంపాడు. అది పోలీసులకి అందితే వాడి పని ఖతం!

"ఇన్‌స్పెక్టర్ వచ్చాడంటావా?"

"ఐస్ ఫ్యాక్టరీ వెనక ఉన్నాడు. నేనే ఫోన్ చేశాగా! నడు!"

ఫ్యాక్టరీ వెనక ఎవరూ లేరు. గోడ. గోడకో దీపం.

ఆమె ఒక కన్ను అరచేత్తో మూసుకుని తమ్ముడి ముఖంలోకి చూస్తుంది.



వాడి ఎడమ కన్ను చెవివైపు జారిపోతోంది. సరుకు ఎక్కితేనే వాడి కన్ను అలా బయటికి జారుతుంది. ఏళ్ళ తరబడి చూసింది, తనకి తెలీదా!

"ఎవడిచ్చాడ్రా?"

"ఏంటక్కా..."

"సరుకు ఎవడిచ్చాడ్రా!"

"తట్టుకోలేకపోయానక్కా... పిస్టల్ ఇచ్చేస్తే నిన్నేం చెయ్యనన్నాడు రోరీ. ఒట్టు!"

"కేలమ్ నిన్ను సొంత తమ్ముడిలా చూసుకున్నాడు కదరా!"

తోడబుట్టినవాడు!

వెనక నవ్వు. రోరీ! వాడి చేతిలో ఇంకో పిస్టల్.

కర్స్టీ జేబులోది బయటికి లాగుతుంది. ఎదురుగా ఇద్దరు రోరీలు.

"ఏ రోరీని కాలుస్తావే? ఇద్దరం ఉన్నాంగా!"

ఆమె ఫ్రేజర్ వైపు చూస్తుంది. "అదీ చెప్పేశావా?"



ఆమె ఒక కన్ను మూస్తుంది. రోరీ ఒక్కడే మిగులుతాడు. మీట నొక్కుతుంది.

టిక్!

ఖాళీ...

ఫ్రేజర్ ఏడుస్తూ గుప్పిట విప్పుతాడు. తూటాలు.

"నువ్వు నిద్రపోయినప్పుడు తీసేశానక్కా... నన్ను క్షమించు!"

"శభాష్!" అంటాడు రోరీ. "కానీ అక్కనే అమ్మినవాడు రేపు నన్ను అమ్మడా?"

ఢాం!

ఫ్రేజర్ కూలిపోతాడు. తూటాలు మంచు మీద దొర్లుతాయి.

నేలమీద ఇద్దరు తమ్ముళ్ళు. పైన రెండు పిస్టళ్ళు ఆమెవైపు తిరుగుతున్నాయి.

ఈసారి కర్స్టీ కన్ను మూసుకోదు.

ఢాం!