బెరీలియం పట్టించిన దొంగ

"ఆవిడ ప్రాణాలతో కొండ దిగకూడదు. పెట్టె సీలు మాత్రం ఊడకూడదు."

చీఫ్ బ్రీఫింగ్ అంతే. ఏజెంట్ డేగ ఎందుకని అడగలేదు. చీఫ్ అతనికి సొంత అక్క మొగుడు. సర్వీసులోకి తెచ్చింది బావే, తుపాకీ పట్టడం నేర్పిందీ బావే. బావ దూకమంటే కళ్ళు మూసుకుని నూతిలో దూకే రకం మన హీరో! తెలివితక్కువతనానికి కూడా ఒక హద్దుండాలి.

విషయం ఇదీ. శత్రుదేశం దొంగచాటుగా అణుపరీక్ష చేసింది. ఆ ధూళి పైగాలిలో కొట్టుకొచ్చి, కొండమీది అబ్జర్వేటరీలో గాలి వడకట్టే ఫిల్టర్లో చిక్కింది. చీఫే స్వయంగా వెళ్ళి దాన్ని పెట్టెలో పెట్టి సీల్ చేశాడు. సాయంత్రం అంతర్జాతీయ ఇన్‌స్పెక్టర్లు వచ్చి కొలుస్తారు. ఏమీ దొరక్కపోతే కేసు క్లోజ్. శత్రువులు దర్జాగా రెండో బాంబు పేల్చుకోవచ్చు. అబ్జర్వేటరీ సైంటిస్టు అయిన డాక్టర్ వాళ్ళ మనిషేననీ, ఫిల్టర్ మార్చేస్తుందనీ చీఫ్ అన్నాడు.

డేగ జనరేటర్ మెకానిక్ వేషంలో కేబుల్ కార్ దిగాడు. టూల్ బాక్సు అడుగున సైలెన్సర్ పిస్టల్.

ల్యాబులో డాక్టర్ ఒక్కతే ఉంది. ఎర్ర లిప్‌స్టిక్, మెడలో సిల్కు స్కార్ఫ్. వేసవిలోనూ వదలని ఆ కొండచలిలో సినిమాతారలా ఉంది. వెనక్కి తిరక్కుండానే అంది:

"జనరేటర్ బాగానే ఉందయ్యా. చంపడానికే వచ్చావుగా? ముందు ఈ గ్రాఫ్ చూడు, తర్వాత నీ ఇష్టం."

"మాటలతో బోల్తా కొట్టించకు."

"కాస్మిక్ కిరణాలు పైన గాలిని ఢీకొడితే బెరీలియం-7 పుడుతుంది, ధూళికి అంటుకుంటుంది. వేసవి మొదట్లో పైగాలి కిందికి దిగుతుంది. అప్పుడు మా ఫిల్టర్ల నిండా అదే. చలికాలంలో తక్కువ. పైగా నెలలు గడిస్తే ఉన్నదీ తరిగిపోతుంది. ఇది వేసవి ఫిల్టర్ కదా? సీలు విప్పకుండా డిటెక్టర్ మీద పెట్టాను. బెరీలియం దాదాపు లేదు. లోపలున్నది పోయిన చలికాలం సరుకు."

"అయితే నువ్వే మార్చావు."

"నేను మారిస్తే ఈ వేసవిదే, బాంబు ధూళి లేని ఫిల్టర్ పెడతాను కదా! గాలికి సీజనుంటుందని తెలియనివాడు మార్చాడు. మా పాత ఫిల్టర్లన్నీ ఎక్కడికి పోతాయో తెలుసా? మీ చీఫ్ స్ట్రాంగ్ రూముకి. తాళం ఎవరి దగ్గరుంటుంది?"

డేగకి తెలుసు. ఆ తాళం బావ మొలతాడుకే ఉంటుంది.

తలుపు తోసుకుని చీఫ్ లోపలికొచ్చాడు. "ఇంకా కాల్చలేదేంట్రా?"

"అసలు ఫిల్టర్ ఏది, బావా?"

చీఫ్ డాక్టర్ వైపు చూశాడు, గ్రాఫ్ వైపు చూశాడు. సంగతి అర్థమైంది. కోటు జేబులోంచి తెల్లటి ఫిల్టర్ మడత తీశాడు. "శత్రుదేశం వాళ్ళకి నా చేతులతో అప్పగించాల్సింది. ఇక కుదరదులే."

"ఈవిణ్ణి చంపాక నన్నేం చేద్దామనుకున్నావు?"

"అసలు ధూళిని చూసింది ఈవిడొక్కతే, ఈవిడ పోవాలి. తుపాకీ నీది. ఫిల్టర్ మార్చిందీ నువ్వేనని రిపోర్టు రాసేవాణ్ణి. ఎవరో ఒకరు ఇరుక్కోవాలి కదరా." ఎంత తాపీగా అన్నాడో! అక్క వడ్డించిన కంచం ముందు కూచుని కూర బాగుందన్నంత తాపీగా అన్నాడు. డేగకి ఏడుపొచ్చింది, సిగ్గులేకుండా వచ్చింది.

ఆ క్షణంలోనే చీఫ్ మడతని ల్యాబు మూలన చలికి వెలిగించిన స్టవ్‌లోకి విసిరాడు. డేగ ఒక్క గెంతు గెంతి మంటలో చెయ్యి పెట్టాడు. అరచెయ్యి కమిలింది. ఫిల్టర్‌కి అంచు మాత్రమే కాలింది. చీఫ్ చెయ్యి తుపాకీ మీదికి పోయేలోపే డాక్టర్ స్కార్ఫ్ కిందనుంచి చిన్న పిస్టల్ బయటికొచ్చింది.

"శత్రువులు నన్ను వాళ్ళ మనిషే అనుకుంటారు, చీఫ్ గారూ. జీతమిచ్చేది మాత్రం ఇన్‌స్పెక్టర్లు. చేతులు పైకెత్తండి."

సాయంత్రం ఫిల్టర్ కొలిచారు. బెరీలియం నిండుగా ఉంది, దాని పక్కనే బాంబు ధూళీ ఉంది. రెండో బాంబు ఆగిపోయింది.

దిగే కేబుల్ కార్లో బేడీలతో చీఫ్, చేతికి కట్టుతో డేగ ఎదురెదురుగా కూచున్నారు.

"సీలు, నంబరు, సంతకం అన్నీ కరెక్టుగా పెట్టానురా," అన్నాడు చీఫ్ దిగులుగా. "మీ అక్కకి ఏం చెప్తావు?"

"నువ్వే చెప్పు బావా. మనింట్లో అబద్ధాల డిపార్ట్‌మెంట్ నీదేగా."